మూడు పింజలతో గెల్చిన బీరువా

దగ్గరికి జరగండప్పా, చా చల్లారేలోపల చెప్పేస్తా. బీరువా వచ్చింది సరే, దాని తాళం ఎందుకు తియ్యడం లేదని పొద్దున్నుంచి అందరూ నన్నే అడుగుతాండారు కదా! ఆదివారం యెమ్మిగనూరులో నేను చేసిన ఘనకార్యం వేరేవాళ్ల నోట వింటే, నాకేమన్నా మర్యాద మిగిలుంటే అదీ పోతుంది. అందుకే నేనే చెప్తా.

ముందే చెప్తున్నా, మీ వెనక గోడకు ఆనించిన ఆ టేకు బీరువాను గెల్చింది నేనే. పూలదండ వేసినారు, చప్పట్లు కొట్టినారు, అన్నీ నిజమే. కాకపోతే ఎట్లా గెల్చినానో తెలిస్తే ఆ దండ మీరే పీకేస్తారు.

మన సంగతి మీకు తెలీనిదేముంది? ఆదోని పత్తి మండీ మీద ఈ ఒక్క గది, ఒక బల్ల, ఒక చాప. దీనికి లైబ్రరీ అని బోర్డు! ఉన్న కాసిని పుస్తకాలూ అందరం చదివేసినాం. పుస్తకం తీసుకున్నోడు ఆదివారం నాడు దాని మీద తన అభిప్రాయం చెప్తే గానీ ఇంకో పుస్తకం ఇయ్యకూడదని మనమే ఒక రూలు పెట్టుకున్నాం. ఇప్పుడు అభిప్రాయాలు మిగిలినాయి, పుస్తకాలు మిగల్లేదు.

అట్లాంటి సమయంలో ఆస్పరి అవ్వ కబురు పంపింది. పుట్టిల్లు ఆస్పరి, కాపురం యెమ్మిగనూరు. అందుకే ఆయమ్మను ఆ ఊళ్లో అందరూ ఆస్పరి అవ్వంటారు. జన్మంతా పుస్తకాలు చదువుకుంటూ బతికిన మనిషి. ఇప్పుడు సన్న అక్షరాలు కనపడటం లేదని తన బీరువాను పుస్తకాలతో సహా ఎవరికైనా ఇచ్చేయాలనుకుంది. మనమూ అడిగినాం, యెమ్మిగనూరు లైబ్రరీవాళ్లూ అడిగినారు. అవ్వ ఏం చేసింది? అట్ట మీద పేరు కూడా లేని ఒక లావుపాటి పుస్తకం తీసి ముందర పెట్టింది.

"ఒక వారం ఆ ఊరోళ్లు సదవండి, ఒక వారం ఈ ఊరోళ్లు సదవండి. ఊరికొక మనిషి వచ్చి నా ఎదురుగా దీని మీద అభిప్రాయం సెప్పాల. ఎవురి మాట నాకు నచ్చితే బీరువా వాళ్లకి," అనింది.

మన తరఫున నన్నెందుకు పంపినారో మీకే తెలియాల. మండీలో వేలం పాడే గొంతు కదా, మైకు లేకపోయినా ఆఖరి వరసకు వినపడుతుందని పంపినారు. పుస్తకాలు చదివే మనిషినని మాత్రం కాదు, దాచేదేముంది!

అవతల యెమ్మిగనూరు తరఫున ఎవరో తెలుసా? గురుమూర్తి! నా షడ్డకుడు! నా భార్య కామాక్షి వాళ్లక్క మీనాక్షి భర్త. నూలు అంగడి పెట్టుకున్న మనిషి, దారం కంటే సన్నగా మాట్లాడతాడు. పెండ్లయిన నాటి నుంచి ఆయప్పకూ నాకూ అన్నింట్లో పోటీనే. వాళ్లు రేడియో కొంటే మేం గడియారం కొనాల. మేం గడియారం కొంటే వాళ్లు ఊయల మంచం కొనాల.

ఆ పేరు వినంగానే కామాక్షి పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చింది. మా ఇంట్లో చదివే మనిషంటే ఆమే. ఈ గదిలో పుస్తకాలన్నీ రెండుసార్లు తిరగేసింది. ఇప్పుడు అంగడి నుంచి చింతపండు కట్టుకొచ్చిన కాగితాన్ని కూడా సాపు చేసుకుని చదువుతాంది. వారపత్రికలో సగం కథ ఉంటే మిగతా సగం తానే ఊహించుకుని రెండు రోజులు దిగులుగా తిరుగుతుంది.

"చూడండి," అనింది, "ఆ బీరువా గనక యెమ్మిగనూరులో ఉండిపోతే మా అక్క ప్రతి పండక్కీ ఒక్కో కథ సగం చెప్పి ఆపుతుంది. నేను భరించలేను. మీరు గెల్చుకొని రావాల."

"తెస్తాలే. నాకు వదిలెయ్యి."

"ఆ పుస్తకం నాకియ్యండి. నేను చదివి కథంతా చెప్తా."

ఇక్కడే నేను చెడిపోయినా! మొగుడికి పెండ్లాం కథ చెప్పి పంపిందని గురుమూర్తికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? పుస్తకాన్ని ఇంటికే పోనియ్యలేదు. మండీలో నా గద్దె కింద పెట్టుకున్నా. వారమంతా పత్తి బండ్లు. హాలహర్వి నుంచి, దేవనకొండ నుంచి బండి వెనక బండి. ఒక్క పేజీ తిప్పుంటే ఒట్టు.

అయినా నాకు భయం లేదు. ఎందుకంటే పుస్తకాలు చదవడానికి నాకొక పద్ధతి ఉంది. మనం పత్తి ఎట్లా కొంటాం? బండంతా విప్పి చూస్తామా? పైన ఒక చెయ్యి, నడుమ ఒక చెయ్యి, అడుగున ఒక చెయ్యి పెట్టి ఒక్కో పింజ పీకుతాం. రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, పోగు పొడుగు చూస్తాం. అంతే, సరుకు తెలిసిపోయింది! పీకిన పింజను తిరిగి బండిలో వెయ్యం, జేబులో పెట్టుకుంటాం. సాయంత్రం ఇంట్లో ఆడవాళ్లు మన జేబులు దులిపి దీపాలకు ఒత్తులు చేసుకుంటారు.

పుస్తకాన్నీ నేను అట్లే చూస్తా. పైన ఒక పేజీ, నడుమ ఒక పేజీ, అడుగున ఒక పేజీ. ఇన్నేళ్లుగా ఈ చాప మీద కూర్చుని నేను చెప్పిన అభిప్రాయాలన్నీ... అట్లా చూడొద్దండప్పా! బాగున్నాయని మీరే కదా తలలూపినారు?

సరే. ఆదివారం పొద్దున్నే యెమ్మిగనూరు బస్సెక్కినా. కిటికీ పక్కన కూర్చుని తీరిగ్గా మూడు పింజలు పీకినా. పై పింజలో సుశీల అని ఒక కొత్త కోడలు, పాలు పొంగించి అత్త చేత తిట్లు తింటాంది. నడుమ పింజలో వామనరావు అనే డిటెక్టివు పిస్తోలు పట్టుకుని, పోతున్న గూడ్సు బండి మీద దొంగ వెనక పరిగెత్తుతాండాడు. అడుగు పింజలో చంద్రసేనుడనే రాజు కిరీటం కొడుక్కిచ్చి, పెంచుకున్న చిలకను ఎగరేసి, అడవికి బయల్దేరినాడు.

నాకేమన్నా అనుమానం వచ్చిందా? ఊహూఁ! రచయిత గడుసోడే, కథను యాడి నుంచి యాడికో నడిపించినాడు అనుకున్నా. మధ్యలో ఖాళీలన్నీ నేనే నింపుకున్నా. సుశీల అత్త పోరు పడలేక ఇల్లు వదిలిపోయింటుంది. మొగుడు డిటెక్టివును పెట్టింటాడు. ఆయన వెతికి వెతికి రాజుగారి కోటలో పట్టుకునింటాడు. ఇంకేం కావాల? బస్సు దిగేసరికి ఉపన్యాసం తయారు. బస్టాండులో ఉగ్గాని తిని, మిరపకాయ బజ్జీ కొరుక్కుంటూ దర్జాగా పోయినా.

వాళ్ల లైబ్రరీ ముందర పందిరి వేసినారు. ఊరి జనమంతా ఆడనే. ముందు వరసలో కుర్చీలో ఆస్పరి అవ్వ, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుంది. స్టేజీ పక్కన ఆ బీరువా! అద్దాల తలుపులు తళతళ మెరుస్తాండాయి. లోపల పుస్తకాలు చూసేసరికి నాకు కామాక్షి ముఖమే కనపడింది. ఉత్త చేతులతో ఇంటికి పోలేను అనిపించింది.

మొదట గురుమూర్తి లేచినాడు. పట్టు అంచు ఉత్తరీయం, నుదుట గంధం. ఏం మాట్లాడినాడప్పా! జనం కదల్లేదు.

"మొదటి అచ్చరం నుంచి ఆఖరి అచ్చరం దాకా సుశీలే! కథ అట్లా పడుగూ పేకా కలిసినట్లు సాగిపోయింది. ఆఖరి పేజీలో ఆ పిల్ల అత్త కాళ్ల మీద పడితే, ఆ అత్త లేపి గుండెకు హత్తుకుంటే, నేను పుస్తకం మూసి ఏడ్సినానప్పా!"

చప్పట్లే చప్పట్లు. ముందు వరసలో మా మీనాక్షి వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆఖరి పేజీలో సుశీలనా? నేను చూసిన ఆఖరి పేజీలో రాజు, చిలక కదా ఉండేది! సుశీల యాడ? ఒకవేళ ఆ చిలకే సుశీలనా? అత్త శాపం పెట్టిందా? ఇంకా ముందరి పేజీలు ఒక నాలుగు చూసింటే బాగుండు అని మొదటిసారి అనిపించింది. అంతలో నా పేరు పిలిచినారు.

స్టేజీ ఎక్కినా. బల్ల మీద పుస్తకం ఉంది, చేతిలోకి తీసుకున్నా. నేను కూడా సుశీలను పొగిడేసి దిగిపోదామనే అనుకున్నా. "సభకు నమస్కారం," అన్నా. "ఈ నవల..." అన్నా. తరవాత నోట్లోంచి మాట రాలేదు. నోరు పని చెయ్యనప్పుడు నా చేతులు ఊరుకుంటాయా? ఏళ్ల తరబడి అలవాటైన చేతులు! నాకు తెలీకుండానే కుడి చెయ్యి పుస్తకం నడుమలోకి పోయింది. పింజ పట్టుకుంది. లాగింది.

పర్రుమని పేజీ ఊడొచ్చింది!

అంతటితో ఆగినానా? దాన్ని రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకొని ఒకసారి బిగలాగి, వెలుతురుకు ఎత్తి చూసి, మడిచి జుబ్బా జేబులో పెట్టుకున్నా! ఊరి జనం ముందర! ఆస్పరి అవ్వ ముందర!

గురుమూర్తి నోరు తెరిచినాడు. అవ్వ కర్ర మీద నుంచి గడ్డం ఎత్తింది.

"ఏం నాయనా! నా పుస్తకం పేజీ ఏంటికి పీకితివి? పీకి జేబులో ఏంటికి పెట్టుకుంటివి?"

అప్పా, మీరే చెప్పండి. మండీలో మనం పింజ పీకినప్పుడు రైతు "ఏంటికి పీకుతావప్పా" అని గొంతు లేపితే మనం ఏమంటాం? నాలుక కొసనే ఉంటుంది కదా ఆ మాట! ఆ భయంలో నాకూ అదే వచ్చింది. వేలం గొంతుతో వచ్చింది.

"ఈ సరుకులో కల్తీ ఉంది!"

అన్నాక ఇంక ఆగడానికి లేదు. వరసగా కడిగేసినా.

"ఇది ఒక్క చేను పత్తి కాదు! మూడు చేన్లది ఒకే బేలులో తొక్కినారు! పైన చూస్తే సంసారం, నడుమ చూస్తే గూడ్సు బండి, అడుగున చూస్తే అడివి! పాలు పొంగించిన పిల్లను పొయ్యి కాడ అట్లే నిలబెట్టి రచయిత రైలెక్కి పోతే ఎట్లప్పా? ఆ పిల్ల గతేంది? రైలు మీద పరిగెత్తేవాడు రాజుకు ఏమవుతాడు? చిలక ఎవరిది? మొదట చెప్పినోళ్లు అడుగున ఒక్కరన్నా కనపడాలా, వద్దా? ఈ రాసిన మనిషెవరో గానీ, మన మండీకి ఈ సరుకు తెస్తే బండి తిప్పి పంపించేవాళ్లం!"

అని బల్ల మీద గుద్ది నిలబడినా. అప్పుడు తెలిసొచ్చింది ఏం చేసినానో. ఇంగ బీరువా పోయింది, ఆదోని మర్యాద పోయింది, ఇంట్లో నాకు కూడు పోయింది అనుకున్నా. అవ్వ వైపు చూస్తే ఆయమ్మ భుజాలు అదురుతాండాయి. ముసలామెను ఏడిపించినానే అని నాకు సిగ్గేసింది.

ఏడుపు కాదప్పా. నవ్వు! కర్ర కింద పడేసి, కడుపు పట్టుకుని నవ్వతాంది!

"అయ్యో నాయనా! అది ఒక నవల కాదు, మూడు! వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను వారం వారం కత్తిరించి దాసుకునేదాన్ని. వాటిని కుట్టియ్యమంటే బైండింగాయప్ప మూడింటినీ ఒకే అట్టలో పెట్టి కుట్టేసినాడు. పేర్లుండే పేజీలు యాడ పారేసినాడో! మొదట బో కోపమొచ్చింది. తరవాత అదే పనికొచ్చింది. ఎవురన్నా వచ్చి సదువుతాం అవ్వా, పుస్తకం ఇయ్యి అంటే ముందర ఇదే ఇస్తా. ఏకబిగిన సదివినా, కథ ఎంత బాగుందో అని సెప్పి ఇచ్చిపోయేవాళ్లే గానీ, అవ్వా ఇవి మూడు కతలు గదా అని ఇంతవరకూ ఒక్కరూ అనలా!"

పందిరంతా గొల్లుమనింది. అందరి కళ్లూ గురుమూర్తి మీదికి పోయినాయి. పాపం, ఉత్తరీయం సర్దుకుంటాడు, గంధం తుడుచుకుంటాడు. సంగతేమంటే, చదివింది మా మీనాక్షి వదిన. సుశీల కథ అయిపోంగానే సమాప్తం అని ఉంటే, మిగతా పేజీలు ఏందో అని కూడా చూడకుండా మూసేసి మొగుడికి కథ చెప్పింది. ఈయప్ప అట్ట కూడా తెరవలేదు!

కానీ గురుమూర్తి ఊరికే ఓడిపోయే మనిషా? లేచి నా మీదికి చెయ్యి చూపించినాడు.

"అవ్వా! మా రామలింగప్ప మాత్రం సదివినాడా? అడుగు! నీ కాళ్ల మీద ఒట్టేసి సెప్పమను!"

అవ్వ నవ్వు ఆపి నన్నే చూసింది.

"సెప్పు నాయనా. అంతా సదివినావా?"

చదివినా అంటే ఎవరు పట్టుకుంటారు? బీరువా నాదే. కానీ ఆ ముసలామె చూపు ముందర అబద్ధం రాలేదప్పా. మండీలో ఎన్ని చెప్పుంటాం, ఆడ మాత్రం రాలేదు.

"లేదవ్వా," అన్నా. "మూడు చోట్ల మూడు పింజలు పీకినా. అంతే."

జనం మళ్లీ నవ్వినారు. అవ్వ మాత్రం నవ్వలేదు.

"మూడు సోట్ల సూసినావు. సూసింది సూసినట్లు సెప్పినావు. నచ్చకపోతే నచ్చలేదని నా మొగాన అన్నావు. నాకు ఆ మాత్రం సాలు. బీరువా ఆదోనికే!" అనింది. అని, మళ్లీ చెయ్యెత్తి నన్ను ఆపింది. "ఉండు. నా పుస్తకాలను నువ్వు పీకుతావని బీరువా ఇయ్యడం లేదు. మీ ఇంట్లో నిజంగా సదివేవాళ్లు ఎవురన్నా ఉండారా?"

"నా భార్య ఉంది అవ్వా. కామాక్షి. చింతపండు కాగితం కూడా వదలదు."

"తాళం సెవి ఆయమ్మకియ్యి. నీ సేతికి వద్దు."

ఇంకేముంది! దండ వేసినారు. చప్పట్లు! గురుమూర్తి కూడా వచ్చి కౌగిలించుకున్నాడు, గట్టిగానే పిండినాడులే. అయినా మంచోడు. నన్ను బస్టాండు కాడికి పిలుచుకొని పోయి వేడి వేడి బజ్జీలు తినిపించినాడు. ఖాళీగా తిరిగొచ్చే పత్తి లారీలో బీరువా ఎక్కించినాం. దండ తియ్యకుండా దానికి ఆనుకుని కూర్చున్నా. బజారులో లారీ దిగితే అంగళ్లవాళ్లంతా బయటికొచ్చి చూసినారు. మీరు ఈలలు వేసినారు కదా, గుర్తుందా? ఆ పూట నాకు భూమ్మీద కాలు ఆనలేదు.

కామాక్షి ఈ మెట్లెక్కి వచ్చి బీరువా తెరిచి, పుస్తకాల మీద చెయ్యి వేసి అట్లే నిలబడిపోయింది. కళ్లల్లో నీళ్లు. "గెల్చినారే!" అనింది. ఏళ్ల తరబడి చేసిన కాపురంలో ఆమె నన్ను అట్లా చూడటం అదే మొదలు. నేను మీసం దువ్వినా.

తాళం చెవి కొంగుకు కట్టుకుని, మొదట ఏ పుస్తకం తీసుకుంది? అదే! మూడు కథల పుస్తకం! మర్నాడు మధ్యాహ్నం నేను అన్నానికి కూర్చోంగానే వచ్చింది.

"నడుమ ఒక పేజీ లేదు. యాడ?"

"అదా? స్టేజీ మీద పింజ పీకినా అని చెప్పలేదూ? జుబ్బా జేబులో చూడు."

"జేబు దులిపినా. లేదు."

చెయ్యి నోటి కాడ ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది! బస్టాండులో బజ్జీలు తినేటప్పుడు చేతులంతా నూనె. తుడుచుకోవడానికి జేబులో మెత్తగా ఒక కాగితం తగిలింది. తుడుచుకుని, ఉండ చుట్టి పారేసినా. పక్కనే ఒక మేక ఉండింది. నూనె వాసనకు అది వదులుతుందా?

"ఆ పేజీలో ఏముందో తెలుసా?" అనింది కామాక్షి. గొంతు చాలా మెల్లగా ఉంది, అందుకే నాకు ఎక్కువ భయమేసింది. "దానికి ముందర పేజీలో వామనరావు గూడ్సు బండి మీద దొంగను పట్టుకుని, ముఖానికి కట్టుకున్న గుడ్డ లాగినాడు. 'ఆ ముఖం చూసి' అని ఆగింది. పేజీ లేదు. తరవాతి పేజీలో అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు, దొంగను జైలుకు పంపినారు, సమాప్తం. దొంగ ఎవరండీ?"

నాకేం తెలుసు? నేను బస్సులో చూసింది పరిగెత్తిన పేజీనే కదా!

"పుస్తకం మీద అభిప్రాయం చెప్పి బీరువా గెల్చుకొచ్చిన మనుషులు కదా మీరు," అనింది. "కూర్చోండి. డిటెక్టివు కథ మొదటి నుంచి ఒక్క అక్షరం వదలకుండా చదవండి. దొంగ ఎవరో కనిపెట్టి చెప్పండి. అప్పటిదాకా తాళం చెవి నా కొంగుననే ఉంటుంది."

అదప్పా సంగతి. అందుకే బీరువాకు తాళం. నేను గద్దె మీద కూర్చుని చదువుతాంటే లెక్కలు చూసుకుంటాండా అనుకున్నారు కదా? వామనరావుతో పాటు ఊరూరూ తిరుగుతాండా! ఇంకో మాట, ఎవరితోనూ అనొద్దు. కథ బాగుంది. మొదటి నుంచి చదివితే ఇంత బాగుంటాయని నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదే!

నా అనుమానం స్టేషను మాస్టరు మీద. నిన్న రాత్రి అన్నం కాడ అదే చెప్పినా. కామాక్షి తాను చదువుతున్న ఇంకో పుస్తకంలోంచి తలెత్తకుండా, తన అనుమానం మాత్రం మొదటి నుంచి నా మీదేనని చెప్పింది.